ఓటీపీ మెయిల్ ఎక్కడ ఆగుతోంది: రెండు ఈమెయిల్ సేవలను కొలిచి చూసిన కేస్ స్టడీ

మెయిల్‌కు వచ్చే ఆరంకెల కోడ్ కొడితేనే లాగిన్ అయ్యే అప్లికేషన్ ఇది. కోడ్ గడువు 10 నిమిషాలు. సపోర్ట్ బృందానికి రోజూ రెండు రకాల ఫిర్యాదులు వస్తున్నాయి. గడువు దాటాక కోడ్ వచ్చిందనేవాళ్లు కొందరు, అసలు రానే లేదనేవాళ్లు కొందరు. మెయిల్ పంపే సేవ డ్యాష్‌బోర్డ్ తెరిస్తే మాత్రం దాదాపు అన్నింటి పక్కనా ‘డెలివర్డ్’ అనే ఉంది. ఇంకో సేవకు మారిపోదామని యాజమాన్యం అనుకుంది. మారే ముందు రెండింటినీ పక్కపక్కన పెట్టి వేగాన్నీ నమ్మకాన్నీ కొలిచే పని నాకు వచ్చింది. ఇక్కడ వాటి పేర్లు రాయడం లేదు. అప్పటికే వాడుతున్నది పాత సేవ, పోటీకి తెచ్చింది కొత్త సేవ.

సాఫీగా వెళ్లిపోయే మెయిళ్లను ఎంత కొలిచినా మెయిల్ సేవ బలం తెలియదన్నది నా నమ్మకం. అవతలి సర్వర్ మొదటిసారి కాదన్నప్పుడు ఆ సేవ ఏం చేస్తుంది, చేసింది చేసినట్టు మనకు చెబుతుందా లేదా, అక్కడ తేలుతుంది అసలు తేడా. పరీక్ష మొత్తాన్ని ఆ ప్రశ్న చుట్టూనే అల్లాను.

గడియారం ఎక్కడ మొదలుపెట్టాలి

మెయిల్ వేగం అనగానే అందరూ ఒకే అంకె అడుగుతారు. కానీ దారిలో మెయిల్ చాలా చేతులు మారుతుంది. వినియోగదారు ‘కోడ్ పంపు’ నొక్కగానే అప్లికేషన్ ఆ పనిని తన సొంత క్యూలో పెడుతుంది. ఒక వర్కర్ (ఆ క్యూలోని పనులు చేసే ప్రోగ్రామ్) దాన్ని తీసుకుని మెయిల్ సేవ ఏపీఐకి (బయటి ప్రోగ్రామ్‌ల అభ్యర్థనలు పుచ్చుకునే ద్వారానికి) ఇస్తుంది. సేవ తన క్యూలోంచి అవతలి డొమైన్ (చిరునామాలో @ తర్వాతి భాగం) ఎమ్‌ఎక్స్ సర్వర్‌కు, అంటే ఆ డొమైన్ మెయిళ్లను అందుకునే సర్వర్‌కు పంపుతుంది. ఆ సర్వర్ ఫిల్టర్లు దాటించి మెయిల్‌ను పెట్టెలో వేస్తుంది.

ఏపీఐ నుంచి 202 అనే జవాబు సంఖ్య వచ్చిందంటే అభ్యర్థన పుచ్చుకున్నారని మాత్రమే. అవతలి సర్వర్ 250 అని జవాబిస్తే ఇకమీదట ఆ మెయిల్ బాధ్యత తనదని ఒప్పుకున్నట్టు. సర్వర్ల మధ్య మెయిల్ మార్పిడి నియమాలైన ఎస్‌ఎమ్‌టీపీకి ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సీ 5321 (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ సాంకేతిక పత్రాలు). అది చెప్పేది ఇదే. డ్యాష్‌బోర్డుల్లో ‘డెలివర్డ్’ అని కనబడేది ఈ 250ని చూసే. ఆ తర్వాత అది ఇన్‌బాక్స్‌లో పడిందా, స్పామ్ ఫోల్డర్‌లోకి వెళ్లిందా, సంస్థ గేట్‌వే (లోపలికొచ్చే మెయిళ్లను తనిఖీ చేసే ద్వారం) స్కానర్ దగ్గర నిలిచిపోయిందా అన్నది ఆ జవాబులో ఉండదు.

అందుకని ప్రతి పరీక్ష మెయిల్‌కూ నాలుగు సమయాలు రాసుకున్నాం: బటన్ నొక్కిన క్షణం, ఏపీఐ జవాబిచ్చిన క్షణం, 250 వచ్చినట్టు సేవ చెప్పిన క్షణం, పెట్టెలో మెయిల్ కంటికి కనబడిన క్షణం. చివరిదాన్ని పట్టుకోవడంలో ఒక చిక్కు ఉంది. నిమిషానికోసారి పెట్టె తెరిచి చూసే స్క్రిప్ట్ రాస్తే ఆ విరామం కూడా కొలతలో కలిసిపోతుంది. మూడు సెకన్లలో వచ్చిన మెయిల్‌కు యాభై సెకన్లు అంటగడుతుంది. పెట్టెలోని మెయిళ్లు చదివే పద్ధతి అయిన ఐమ్యాప్‌లో ఐడిల్ అనే ఆదేశం 1997 నుంచీ ఉంది (ఆర్‌ఎఫ్‌సీ 2177). కనెక్షన్ తెరిచి ఉంచితే కొత్త మెయిల్ పడగానే సర్వరే కబురు పెడుతుంది. మేం దాన్నే వాడాం. బటన్ నొక్కే స్క్రిప్టూ పెట్టె చూసే స్క్రిప్టూ ఒకే యంత్రం మీద నడిపాం. మొదటి, చివరి సమయాలు ఒకే గడియారంలోవి కావడంతో వాటి మధ్య తేడాను అనుమానించే పని లేకపోయింది.

మధ్యలో ఏం జరిగిందో మెయిల్ హెడర్లలోని (మెయిల్ పైభాగాన దాగి ఉండే ప్రయాణ వివరాల్లోని) ‘రిసీవ్డ్’ వరుసలు చెబుతాయి. ప్రతి సర్వరూ తన ముద్రను పైన వేస్తుంది కాబట్టి కింది నుంచి పైకి చదవాలి. టైమ్ జోన్ సరిచేసుకోవాలి. రెండు వరుసల మధ్య మైనస్ సెకన్లు కనిపిస్తే ఆ రెండింట్లో ఒక సర్వర్ గడియారం తప్పు నడుస్తోందన్నమాట. ఆ జతను లెక్కలోంచి తీసేశాం. ఈ హెడర్లను తీర్పుకు ఆధారం చేసుకోలేదు. ఆలస్యం ఏ మజిలీలో ఉందో వెతకడానికి మాత్రం వీటికి మించిన సాధనం లేదు.

పోలిక న్యాయంగా ఉండాలంటే

జీమెయిల్, అవుట్‌లుక్, యాహూ పెట్టెలు, గేట్‌వే వెనక ఉన్న సంస్థల పెట్టెలు, పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే మా సొంత సర్వర్ మీద ఒక డొమైన్: ఇవీ అందుకునేవైపు పెట్టుకున్నవి. ఫలితాలను అసలు వినియోగదారుల్లో ఏ డొమైన్ వాటా ఎంతో ఆ నిష్పత్తిలోనే కలిపాం. ఎవరూ వాడని డొమైన్‌లో దొరికిన వేగం ఎవరికీ పనికిరాదు.

రెండు సేవల నుంచీ ఒకే క్షణాన ఒక్కో మెయిల్ జతగా వెళ్లేది. ఏది ముందు అన్నది యాదృచ్ఛికం. రోజంతా, వారమంతా సాగాలి. గంట కొట్టే సమయాలను ప్రత్యేకంగా చేర్చాం. ప్రపంచంలో షెడ్యూల్ చేసిన మెయిళ్లలో చాలావరకు సరిగ్గా సున్నా నిమిషానికి బయల్దేరతాయి. ఉమ్మడి ఐపీల మీద (చాలామంది కస్టమర్లు పంచుకునే ఇంటర్నెట్ చిరునామాల మీద) నడిచే సేవలకు ఆ కొద్ది నిమిషాలే అసలు ఒత్తిడి. మధ్యాహ్నం ఖాళీ వేళ పరీక్ష పెట్టి రెండూ బాగున్నాయనడం సులువు, అందులో తెలిసేదేమీ లేదు.

ఇంకో మాట కాస్త గట్టిగా చెప్పాలి. కొత్త సేవలో మొన్న తెరిచిన ఖాతాను, ఏళ్లుగా నడుస్తున్న పాత ఖాతాతో పోల్చకూడదు. కొత్త డొమైన్, కొత్త ఐపీ నుంచి మెయిల్ వస్తే పెద్ద మెయిల్ సంస్థలు అనుమానంతో నెమ్మదిగా తీసుకుంటాయి. ఆ నెమ్మది మన పరిచయం కొత్త కావడం వల్ల వచ్చింది, సేవ తప్పు కాదు. కాబట్టి రెండు సేవలకూ ఒకే రోజు తెరిచిన రెండు సబ్‌డొమైన్లు ఇచ్చి, అసలు ట్రాఫిక్‌లో కొద్ది వాటాను వాటిమీదికి మళ్లించి, మెల్లగా పెంచుకుంటూ పోయాం. కొలత ఆ తర్వాతే.

మెయిల్ నిజంగా ఆ డొమైన్‌దేనని స్వీకర్తకు చూపే ఎస్పీఎఫ్ (పంపే అనుమతి ఉన్న సర్వర్ల జాబితా), డీకిమ్ (డిజిటల్ సంతకం), డీమార్క్ (ఆ పరీక్షలు తప్పితే ఏం చేయాలన్న విధానం) రెండు సేవలకూ సరిగ్గా ఉన్నాయో లేదో ముందే చూశాం. ఎస్పీఎఫ్‌లో 10 డీఎన్‌ఎస్ (డొమైన్ పేర్ల వివరాలు దొరికే వ్యవస్థ) వెతుకులాటల పరిమితి ఉంది. ఏళ్ల తరబడి ఒక్కో సేవనూ ప్రధాన డొమైన్ రికార్డులో చేర్చుకుంటూ పోయినవాళ్లు ఆ గీత దాటేసి ఉంటారు. అప్పుడు కొందరు స్వీకర్తల దగ్గర ఎస్పీఎఫ్ మొత్తం చెల్లదు. సబ్‌డొమైన్లకు విడిగా చిన్న రికార్డులు పెట్టడంతో ఆ ఇబ్బంది మా దారికి రాలేదు.

సగటు ఎవరి అనుభవమూ కాదు

రెండు సేవల వాళ్లూ ముందుకు తెచ్చింది సగటు డెలివరీ సమయాన్నే. లెక్క ఒకసారి చేసి చూడండి. 99 మెయిళ్లు మూడేసి సెకన్లలో చేరి, ఒకటి అరగంట తర్వాత చేరిందనుకుందాం. సగటు దాదాపు 21 సెకన్లు వస్తుంది. ఆ వంద మందిలో 21 సెకన్లు ఎదురుచూసినవాళ్లు ఒక్కరూ లేరు. గడువు పోగొట్టుకున్న ఆ ఒక్కరూ సగటులో కలిసిపోయారు. రోజుకు లక్ష కోడ్‌లు పంపే చోట నూటికి ఒకటి అంటే వెయ్యి మంది.

మధ్యగతం (సగం మెయిళ్లు చేరేసరికి పట్టిన సమయం), 95వ పర్సెంటైల్ (నూటికి 95 చేరేసరికి పట్టిన సమయం), 99వ పర్సెంటైల్ విడివిడిగా చూశాం. వంద మెయిళ్లతో 99వ పర్సెంటైల్ చెప్పడం ఒకే ఒక్క మెయిల్ మీద తీర్పు ఇవ్వడమే అవుతుంది. అందుకని నమూనా వేలల్లోకి వెళ్లేదాకా ఆ గడి ఖాళీగానే ఉంచాం. ఇంతకన్నా ముఖ్యమైనది, రాని మెయిళ్లను ఏం చేస్తారన్నది. చాలా రిపోర్టుల్లో చేరిన మెయిళ్ల సమయాలనే లెక్కిస్తారు, చేరనివి పట్టికలోంచి జారిపోతాయి. ఆ లెక్కన సేవ ఎన్ని ఎక్కువ మెయిళ్లు పోగొడితే అంత వేగంగా కనిపిస్తుంది. మేం గడువులోగా రాని ప్రతి మెయిల్‌నూ గడువు దాటినదిగానే లెక్కలో నిలిపాం.

మధ్యగతంలో రెండు సేవలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు, రెండూ కొన్ని సెకన్లే. తోక భాగంలో, అంటే బాగా ఆలస్యమైన కొద్ది మెయిళ్ల దగ్గర, దారులు వేరయ్యాయి. పాత సేవలో ఆలస్యమైన మెయిళ్లు నిమిషాల్లోకి, కొన్ని గడువు అవతలికి పోయాయి. కొత్త సేవలోనూ ఆలస్యాలు ఉన్నాయి గానీ చాలావరకు గడువు లోపలే సర్దుకున్నాయి.

అయితే నాలుగు సమయాలు పెట్టుకున్న ఫలం ముందుగా మరోచోట దక్కింది. ఆలస్యంలో పెద్ద భాగం మెయిల్ సేవకు చేరక ముందే ఉంది. ఓటీపీలూ, నెలవారీ స్టేట్‌మెంట్లూ, ప్రచార మెయిళ్లూ అప్లికేషన్‌లో ఒకే క్యూలో నిలబడుతున్నాయి. పెద్ద ప్రచారం మొదలైన రోజున దాని వెనక పడ్డ కోడ్ తన వంతు కోసం కూర్చునేది. ఏ సేవకు మారినా ఈ భాగం అలాగే ఉండిపోయేది. ఓటీపీకి విడి క్యూ, విడి వర్కర్లు పెట్టాక కొలతలన్నీ మొదటి నుంచి మళ్లీ తీశాం.

కాదన్నప్పుడు ఏం చేస్తారు

పరీక్ష మొత్తంలో నాకు అన్నింటికంటే విలువైనదనిపించిన భాగం ఇది. మా పోస్ట్‌ఫిక్స్ సర్వర్‌ను కావాలని మొండిగా మార్చాం. ఒక చిరునామాకు మెయిల్ వస్తే మొదటిసారి 451 (ఇప్పుడు కాదు), తర్వాతిసారి 250. ఇంకోదానికి ఎప్పుడూ 550 5.1.1, అంటే అలాంటి పెట్టె లేదు. మరోదానికి 452 4.2.2, అంటే పెట్టె నిండింది, తాత్కాలికం. ఒకదానికి జవాబు చాలా నెమ్మదిగా ఇవ్వడం. ఇంకొకదానికి మెయిల్ మొత్తం తీసుకున్నాక జవాబివ్వకుండా కనెక్షన్ తెంచేయడం. తర్వాత రెండు సేవలూ ఎప్పుడెప్పుడు, ఏ ఐపీ నుంచి తిరిగి తలుపు తట్టాయో మా లాగ్‌లో చూశాం.

4తో మొదలయ్యే జవాబు అంటే ఇప్పుడు కాదు, తర్వాత రమ్మని. 5తో మొదలైతే ఇక రావద్దని. ఎప్పుడు తిరిగి రావాలన్నది పంపేవాళ్ల ఇష్టం. 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5321 ప్రయత్నాల మధ్య కనీసం 30 నిమిషాలు ఉండాలని, వదిలేసే ముందు నాలుగైదు రోజులు ఆగాలని సూచిస్తుంది. మామూలు ఉత్తర ప్రత్యుత్తరాలకు అది మర్యాదైన పద్ధతి. పది నిమిషాల్లో చచ్చిపోయే కోడ్‌కు అది పద్ధతే కాదు. పాత సేవలో మొదటి, రెండో ప్రయత్నాల మధ్య విరామమే కోడ్ గడువును మించి ఉంది. ఒక్కసారి కాదనిపించుకున్న ఓటీపీ అక్కడితో వృథా. కొత్త సేవ మొదటి ప్రయత్నాలను దగ్గరదగ్గరగా చేసి, తర్వాత దూరం పెంచుకుంటూ పోయింది.

గ్రేలిస్టింగ్ సంగతి కూడా ఇక్కడే తేలింది. 2003 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఇది: పంపే ఐపీ, పంపినవారి చిరునామా, అందుకునేవారి చిరునామా, ఈ మూడింటి కలయిక కొత్తదైతే సర్వర్ ముందు తాత్కాలికంగా కాదంటుంది. నిజమైన మెయిల్ సర్వర్ అయితే మళ్లీ వస్తుందని దాని లెక్క. పాత సేవ ప్రతి ప్రయత్నానికీ తన ఉమ్మడి గుంపులోంచి వేరే ఐపీ వాడుతోంది. అవతలివైపు చూస్తే ప్రతిసారీ కొత్త ముఖమే, కాబట్టి ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచే. కొన్ని సంస్థల డొమైన్లకు కోడ్‌లు గంటల తరబడి ఎందుకు తిరిగాయో దీంతో అర్థమైంది.

ఇక అసలు రానే రాని కోడ్‌లు. 452 4.2.2 అని జవాబిచ్చిన చిరునామాను పాత సేవ కొన్ని ప్రయత్నాల తర్వాత శాశ్వత బౌన్స్‌గా (ఇక ఎప్పటికీ చేరని తిరుగుటపాగా) లెక్కగట్టి సప్రెషన్ లిస్ట్‌లో, అంటే ఇక మెయిల్ పంపకూడని చిరునామాల జాబితాలో, వేసింది. ఆ తర్వాత పెట్టె ఖాళీ చేసి 250 ఇవ్వడానికి సిద్ధంగా పెట్టినా మా సర్వర్ తలుపు ఎవరూ తట్టలేదు. ఏపీఐ మాత్రం ప్రతి కోడ్‌కూ 202 అనే చెప్పింది. మెయిల్ లోపలే రాలిపోయింది. ఆ రాలినవి డెలివరీ శాతంలో కలవవు, వేరే పేజీలో వేరే పేరుతో కనిపిస్తాయి. అసలు వినియోగదారుల్లో ఆ లిస్ట్‌లో ఉన్నవాళ్లను బయటికి తీసి ఫిర్యాదులతో సరిపోల్చితే, ‘రానే లేదు’ అన్నవాళ్లలో చాలామంది అక్కడే దొరికారు. ఎప్పుడో ఒకనాడు పెట్టె నిండినందుకు నెలల తరబడి తమ ఖాతాలోకి తాము వెళ్లలేకపోయిన మనుషులు వాళ్లు. సేవలను ఎంచుకునేవాళ్లు ముందుగా అడగాల్సింది ఈ లిస్ట్ గురించేనని నేను గట్టిగా చెబుతాను: ఏ జవాబుకు ఎక్కిస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు, ఎక్కించినట్టు వెంటనే చెబుతారా, తీసేసే వీలు ఏపీఐలో ఉందా.

కనెక్షన్ తెంచిన పరీక్షలో రెండు సేవలూ మెయిల్‌ను మళ్లీ పంపాయి, అందుకునేవైపు రెండు ప్రతులు పడ్డాయి. ఇది ఎవరి తప్పూ కాదు. మెయిల్ అంతా అందాక జవాబు దారిలో పోతే పంపినవాళ్లకు తెలిసే దారి లేదు. 1988లోనే ఆర్‌ఎఫ్‌సీ 1047 ఈ జంట మెయిళ్ల సమస్యను చర్చించింది. అదే కోడ్ రెండుసార్లు వస్తే నష్టం లేదు. వేర్వేరు కోడ్‌లు వస్తే ఉంది. ఆ సంగతి కింద వస్తుంది.

కబుర్లను కూడా పరీక్షించాలి

సేవ చెప్పే కబుర్లు వెబ్‌హుక్ ద్వారా, అంటే ఏదైనా జరగ్గానే సేవే మా సర్వర్‌కు పంపే సందేశాలుగా వస్తాయి. వాటిని నమ్మి అలారాలు కట్టుకుంటాం కాబట్టి వాటి నమ్మకాన్నీ చూడాలి. మా వెబ్‌హుక్ సర్వర్‌ను కాసేపు ఆపేసి తిరిగి లేపాం. కొత్త సేవ ఆపిన కాలంలోని కబుర్లన్నీ తర్వాత అందించింది, కొన్ని రెండేసిసార్లు, వరుస తప్పి. వరుస తప్పడం సహించొచ్చు, ప్రతి కబురుకూ సొంత గుర్తింపు సంఖ్య ఉంది. పాత సేవ కొన్నింటిని తిరిగి పంపలేదు. ఆ ఖాళీలో బౌన్సైన మెయిళ్లు మా రికార్డుల్లో ఎప్పటికీ ‘పంపాం’ అనే ఉండిపోతాయి.

ఓపెన్ రేట్లను (మెయిల్‌లోని బొమ్మ దిగిందా అని చూసి ఎందరు తెరిచారో చెప్పే శాతాలను) మేం లెక్కలోకే తీసుకోలేదు. 2013 నుంచి జీమెయిల్ బొమ్మలను తన ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) ద్వారా చూపిస్తోంది. 2021లో యాపిల్ తెచ్చిన మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్ మనిషి తెరిచినా తెరవకపోయినా బొమ్మలను ముందే దించుకుంటుంది. ఓటీపీ పంపేవాళ్లకు అంతకన్నా నిజాయితీ గల కొలత చేతిలోనే ఉంది: పంపిన కోడ్‌ను మనిషి తిరిగి కొట్టాడా, ఎంతసేపట్లో కొట్టాడు. పరీక్ష పెట్టెలు ఎంత బాగా ఎంచినా అవి ఎవరూ చదవని పెట్టెలే, ఫిల్టర్లు వాటిని అసలు మనుషుల పెట్టెల్లా చూడవు. కాబట్టి అసలు ట్రాఫిక్‌ను రెండు సేవలకూ పంచి, గడువులోగా వాడిన కోడ్‌ల వాటాను పోల్చాం. తుది తీర్పు ఈ అంకెదే. ఇందులోనూ కొత్త సేవే ముందుంది. సంస్థల డొమైన్లలో తేడా ఎక్కువ, జీమెయిల్‌లో స్వల్పం.

ఈ అంకెను తవ్వుతుంటేనే ఇంకో విషయం బయటపడింది. కోడ్ రాకపోతే మనిషి ‘మళ్లీ పంపు’ నొక్కుతాడు. అప్లికేషన్ కొత్త కోడ్ తయారుచేసి పాతదాన్ని రద్దు చేస్తుంది. ఈలోగా పాత కోడ్ మెయిల్ చేరుతుంది, అతను దాన్ని కొడతాడు, తప్పు అంటుంది. మళ్లీ నొక్కుతాడు. మూడు నాలుగు సార్లకు ఖాతా లాక్ అవుతుంది. అర నిమిషం ఆలస్యం ఒక మనిషిని తన ఖాతా బయట నిలబెట్టేసింది. గడువు ఉన్నంతవరకు ‘మళ్లీ పంపు’కు అదే కోడ్ వెళ్లేలా, తప్పు ప్రయత్నాల లెక్కా గడువూ పొడిగించకుండా మార్చమన్నాం. ఈ ఒక్క మార్పు లాక్ ఫిర్యాదులను గణనీయంగా తగ్గించింది.

ఒప్పందపు కాగితం

పాత సేవ ఒప్పందంలో నెలకు 99.9 శాతం అందుబాటు హామీ ఉంది. 30 రోజుల నెలలో అది దాదాపు 43 నిమిషాల విరామాన్ని అనుమతిస్తుంది. అంతకంటే ముఖ్యంగా, ఆ హామీ ఏపీఐ పలకడానికే. క్యూలో మెయిల్ ఎంతసేపు ఉండొచ్చన్నది అందులో లేదు. కొత్త సేవ కాగితంలోనూ లేదు. అడిగితే రాసివ్వలేమన్నారు, అవతలి సర్వర్ వాళ్ల చేతిలో లేదు కాబట్టి. అది న్యాయమైన జవాబే. మొదటి ప్రయత్నం ఎన్ని సెకన్లలో చేస్తామో, వాయిదా పడితే ఎలా తిరిగి ప్రయత్నిస్తామో రాసిచ్చారు. నేను కోరింది కూడా అదే.

ఏం నిర్ణయించాం

ఓటీపీలు, పాస్‌వర్డ్ మార్పు మెయిళ్లు కొత్త సేవకు మారాయి, విడి సబ్‌డొమైన్‌తో, విడి డీకిమ్ కీతో. ప్రచార మెయిళ్లు పాత సేవలోనే మరో సబ్‌డొమైన్ మీద ఉంచాం. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెద్ద సంఖ్యలో పంపేవారికి నిబంధనలు పెట్టాయి. జీమెయిల్ పెట్టెలకు రోజుకు 5,000 మెయిళ్ల స్థాయిలో పంపేవారికి ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ తప్పనిసరి, ప్రచార మెయిళ్లకు ఒక్క నొక్కుతో తప్పుకునే వీలు ఉండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం చేరకూడదు. ప్రచారం వల్ల పెరిగిన ఫిర్యాదుల భారం లాగిన్ కోడ్‌ల మీద పడకుండా చూసుకోవాలంటే ఈ విభజన తప్పదు.

పాత సేవను ఓటీపీకి ప్రత్యామ్నాయంగా కూడా ఉంచాం, కానీ ఊరికే ఉంచలేదు. ఎప్పుడూ వాడని దారిని ఆపద వేళ ఒక్కసారిగా వాడితే స్వీకర్తలు దాన్ని అనుమానిస్తారు. కొద్ది వాటా కోడ్‌లు రోజూ ఆ దారినే వెళతాయి. కొత్త సేవ నుంచి నిర్ణీత వ్యవధిలో 250 కబురు రాకపోతే అదే కోడ్ రెండో దారిన బయల్దేరుతుంది. రెండూ చేరినా అంకె ఒకటే కాబట్టి ఇబ్బంది లేదు. సప్రెషన్ లిస్ట్‌ను రోజూ రాత్రి దించుకుని, చురుగ్గా ఉన్న ఖాతాల చిరునామాలు అందులో కనబడితే సపోర్ట్‌కు చూపించే పని ఒకటి పెట్టాం. ఐమ్యాప్ ఐడిల్ పరీక్ష పెట్టెలు ఇప్పటికీ నడుస్తున్నాయి. 99వ పర్సెంటైల్ గడువులో సగం దాటితే అలారం మోగుతుంది.

రెండు సేవలూ తీర్చలేని భాగం ఒకటి మిగిలింది. కొన్ని సంస్థల గేట్‌వేలు 250 ఇచ్చాక మెయిల్‌ను పరిశీలన కోసం ఆపి ఉంచుతాయి, అక్కడ పంపేవైపు నుంచి చేయగలిగింది ఏమీ లేదు. అలాంటి డొమైన్ల ఖాతాలకు ఆథెంటికేటర్ యాప్ కోడ్‌ను ముందుగా చూపించమని సూచించాం. 2011 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6238 ప్రకారం ఆ కోడ్ ఫోన్‌లోనే పుడుతుంది, ఏ సర్వర్ క్యూలోనూ నిలబడదు. ఆ మార్పు ఇప్పుడు గేట్‌వే ఆలస్యం ఎక్కువగా ఉన్న డొమైన్ల నుంచి మొదలై ఒక్కో సంస్థకూ వెళుతోంది.